పెన్షన్‌తో పోర్చుగల్‌లో కాపురం: ముందు ఒక జనవరి అక్కడ ఉండి చూడండి

రిటైరయ్యాక యూరప్‌లో ఉందామనుకునే మా పాత స్టాఫ్‌రూమ్ స్నేహితులు ఫోన్ చేస్తే మొదట అడిగేది వీసా గురించి. నేను మొదట చెప్పేది చలి గురించి. పోర్చుగల్ అనగానే ఎండ, సముద్రం, నీలం పలకలు అతికించిన గోడలు గుర్తొస్తాయి. అవన్నీ నిజమే. కానీ ఇక్కడి మామూలు ఇళ్లలో గదులను వెచ్చబెట్టే ఏర్పాటేమీ ఉండదు. జనవరిలో బయట పన్నెండు డిగ్రీలుంటే ఇంట్లోనూ ఇంచుమించు అంతే. పైగా సముద్రపు తేమ. జర్మనీలో ఇంకా చలి ఎక్కువే అయినా ఇల్లు వెచ్చగా ఉంటుంది. ఇక్కడ ఇంట్లో కూడా స్వెటర్ తీయం. అరవై దాటి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇది తెలుసుకోకుండా ఇల్లు ఖాళీ చేసుకుని రాకూడదు.

అందుకే వేసవిలో టూరిస్టుగా వచ్చి మురిసిపోయి నిర్ణయం తీసుకోవద్దంటాను. టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులు ఉండొచ్చు. ఆ 90 రోజులూ చలికాలంలో వాడుకోండి. హోటల్లో కాదు, మీరు ఉండాలనుకున్న ఊళ్లో నెల అద్దెకు దొరికే మామూలు ఇంట్లో. మేం 2023 జనవరి నుంచి మార్చి దాకా అలాగే ఉండి చూశాం. 2024 సెప్టెంబరులో పూర్తిగా వచ్చేశాం.

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. మా ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. అమ్మాయి, అల్లుడు లిస్బన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల ఇంట్లో ఉండకూడదన్నది మేమిద్దరం ముందే అనుకున్న మాట. పిల్లలు తమ మీద ఆధారపడిన తల్లిదండ్రులను పిలిపించుకునే దారి కూడా ఉంది. కానీ మా పెన్షన్ మాకుంది. మా పేరు మీద అద్దె కాగితం, మా పేరు మీద రెసిడెన్స్ కార్డు, మా తాళంచెవి మాకు ఉండాలని నా పట్టుదల. లిస్బన్‌కి రైల్లో గంట దూరంలో ఉన్న సెతూబల్ ఊరు ఎంచుకున్నాం. మనవడిని చూడాలనిపిస్తే పొద్దున వెళ్లి రాత్రికి మన ఇంటికి వచ్చేస్తాం. వాళ్లకీ మాకూ అదే బాగుంది.

ఎంత ఆదాయం ఉండాలి

మాలాంటివాళ్లు తీసుకునేది డీ7 వీసా. పని చేయకపోయినా నెలనెలా వచ్చే ఆదాయం ఉన్నవాళ్ల కోసం ఇది. పెన్షన్, ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, డివిడెండ్లు లెక్కలోకి వస్తాయి. జీతం రాదు. కొలమానం ఆ దేశపు కనీస వేతనం: 2024లో నెలకు 820 యూరోలు, 2025లో 870, 2026లో 920. భార్యకో భర్తకో అందులో సగం కలపాలి. అంటే 2026లో దంపతులకు 1,380 యూరోలు. ఏటా పెరిగే అంకె ఇది, మీరు దరఖాస్తు పెట్టే ఏడాది అంకె చూసుకోండి. దీంతోపాటు ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు పోర్చుగల్ బ్యాంకు ఖాతాలో చూపించమని సాధారణంగా అడుగుతారు. మాకు 14,760 యూరోలైంది. ఇద్దరం చెరిసగం ఇద్దరి ఖాతాల నుంచి పంపాం. ఎందుకంటే ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపే డబ్బు ఒక హద్దు దాటితే ఆ పైన పంపే దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షల రూపాయలు. రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది కానీ, అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు.

వీసాకి సరిపోయినంత మాత్రాన బతకడానికి సరిపోయినట్టు కాదు. 2015 ప్రాంతంలో యూరో 70 రూపాయల చుట్టుపక్కల ఉండేది. 2025లో 100 దాటింది. మన పెన్షన్ రూపాయల్లో వస్తుంది, డీఏ పెరిగినా యూరో అంత పెరగదు. మా ఖర్చు పుస్తకంలో చూస్తే, ఒక పడకగది ఇంటి అద్దె 780 యూరోలు. కరెంటు ఎండాకాలం 45, చలికాలం 110 దాకా. నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లు కలిపి 70. కూరలు, సరుకులు 290. మందులు, ప్రయాణాలు, చిల్లర ఖర్చులు 150. మొత్తం ఎండాకాలం 1,335, చలికాలం 1,400 దాకా. తెనాలిలో ఇంటి అద్దె కూడా వస్తుంది కాబట్టి నెట్టుకొస్తున్నాం. మీ ఆదాయాన్ని యూరో 120 రూపాయలైతే ఎలా అన్న లెక్కన ఒకసారి వేసుకోండి. ఆ లెక్కలో కూడా నెల గడిచేటట్టుంటేనే కదలండి.

కాగితాలు ఏ వరసలో

కాగితాల దగ్గర మేం నష్టపోయాం. మా పెళ్లి 1984లో. అప్పట్లో పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించినవాళ్లెవరు? వీసాకి మ్యారేజ్ సర్టిఫికెట్ తప్పనిసరి. హైదరాబాద్‌లో ఒక ఏజెంటును పెట్టుకుంటే, ఆయన ముందు మా ఇద్దరికీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్లు తెప్పించి, తర్వాత మ్యారేజ్ సర్టిఫికెట్ సంగతి చూశారు. అది చేతికొచ్చి, రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్ పూర్తయి, మన కాగితం విదేశంలో చెల్లడానికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ స్టిక్కరు పడేసరికి పోలీస్ సర్టిఫికెట్లు పాతబడిపోయాయి. మూడు నెలలలోపువి కావాలన్నారు. మళ్లీ పాస్‌పోర్ట్ ఆఫీసు, మళ్లీ అపోస్టిల్, మళ్లీ ఏజెంటు ఫీజు. మీరు మాత్రం ఆలస్యమయ్యేదాన్ని ముందు మొదలుపెట్టండి: పెళ్లి రిజిస్టర్ కాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఈ నెలలోనే వెళ్లండి. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులు కావాలి. మా శుభలేఖ అత్తగారి ట్రంకు పెట్టెలో దొరికింది. పసుపు మరక ఇంకా అలాగే ఉంది. పోలీస్ సర్టిఫికెట్ అన్నిటికంటే చివర తీసుకోండి.

మన తెలుగువాళ్లకు పేర్లు ఇంకో పెద్ద చిక్కు. సర్వీస్ రిజిస్టర్లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో ఇంటిపేరు చివర, పెన్షన్ పేమెంట్ ఆర్డర్లో ఇంకోలా ఉంటాయి. ఇక్కడి ఆఫీసరుకి అవి నాలుగు వేర్వేరు మనుషుల పేర్లలా కనిపిస్తాయి. పాస్‌పోర్టులో ఉన్నట్టే మిగతావన్నీ మార్పించుకోండి. కుదరకపోతే అందరూ ఒక్కరే అని అఫిడవిట్ చేయించి దానికీ అపోస్టిల్ వేయించండి. ఇక్కడ మనిషిని మొదటి పేరుతో పిలుస్తారు. నా పేరు ముందున్న 'వెంకట'తో హెల్త్ సెంటర్లో "దోనా వెంకట" అని పిలిచినప్పుడు నేను కదల్లేదు. నా వెనకున్నావిడ భుజం తట్టి లేపింది.

వీసా అర్జీకి ముందే ఇండియా నుంచే చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి నీఫ్, అంటే వాళ్ల పన్ను నంబరు, మన పాన్ లాంటిది. అది లేనిదే బ్యాంకు ఖాతా లేదు, అద్దె ఒప్పందం లేదు. రెండోది ఇల్లు. సాధారణంగా ఏడాది అద్దె ఒప్పందం చూపించమంటారు. ఆ ఒప్పందం పన్నుల శాఖలో నమోదై ఉండాలి. నమోదు చేయను, కొంచెం తగ్గిస్తాను అనే యజమానితో బేరమాడొద్దు, ఆ కాగితం చెల్లదు. ఇక్కడ ఇళ్లను టీ1, టీ2 అంటారు. పక్కనున్న అంకె పడకగదుల సంఖ్య. హామీదారుడు లేని విదేశీయుల దగ్గర కొన్ని నెలల అద్దె ముందే అడగడం మామూలే.

వీసా నాలుగు నెలలకు ఇస్తారు. ఆ లోపు వచ్చి ఐమా అనే వలసల ఆఫీసులో వేలిముద్రలిస్తే రెసిడెన్స్ కార్డు వస్తుంది. మొదటిది రెండేళ్లకు, తర్వాతది మూడేళ్లకు. అయిదేళ్లయ్యాక శాశ్వత నివాసానికి అడగొచ్చు, దానికి ఏ2 స్థాయి, అంటే రోజువారీ మాటలకు సరిపడా, పోర్చుగీసు రావాలి. పౌరసత్వం నియమాలు మారుతున్నాయి, దాన్ని నమ్ముకుని రావద్దు. అది తీసుకుంటే మన పౌరసత్వం ఎలాగూ వదులుకోవాలి. మాకు ఆ ఆలోచన లేదు.

ఇంకో నియమం చాలామందికి తెలియదు. తాత్కాలిక కార్డు మీద ఉన్నవాళ్లు వరసగా ఆరు నెలలకు మించి గానీ, కార్డు కాలం మొత్తంలో విడివిడిగా ఎనిమిది నెలలకు మించి గానీ దేశం బయట ఉండకూడదు. సంక్రాంతికి వెళ్లి మామిడిపళ్లు అయిపోయేదాకా ఉండి వద్దాం అనుకుంటే ఒక్క ప్రయాణంలోనే అయిదు నెలలు ఖర్చైపోతాయి. రెండేళ్లకు మిగిలేది మూడు నెలలు. ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేక పరుగెత్తాల్సి వస్తే ఆ మూడు నెలలే మన చేతిలో ఉంటాయి. నేను గోడ మీద క్యాలెండర్లో ప్రయాణపు రోజులు ఎర్ర పెన్నుతో గీసి పెడుతున్నాను.

ఇండియాలో సర్దుకోవాల్సినవి

బయల్దేరే ముందు నెల రోజులు దీనికే కేటాయించండి. నివాసం మారాక సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే విదేశంలో ఉండే భారతీయుల ఖాతాగా, మార్చాలి. మారిస్తే పెన్షన్ ఆగిపోతుందేమోనని మా ఆయన చాలా టెన్షన్ పడ్డారు. ఆగలేదు, కానీ ట్రెజరీలోనూ బ్యాంకులోనూ ముందే అడిగి, రాతపూర్వకంగా ఇచ్చి మార్పించాం. పీపీఎఫ్ ఉంటే గడువు దాకా నడుస్తుంది, పొడిగించడం కుదరదు. సీనియర్ సిటిజన్ స్కీములో ఎన్‌ఆర్‌ఐలు కొత్త ఖాతా తెరవలేరు. పొలం కొనే ఆలోచన ఉంటే వెళ్లకముందే కొనుక్కోవాలి. ఎన్‌ఆర్‌ఐ అయ్యాక ఉన్న పొలం ఉంచుకోవచ్చు, వారసత్వంగా రావచ్చు, కొత్తగా కొనడానికి వీల్లేదు.

లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు. కేంద్ర పెన్షనర్లకు నవంబరులో, మాకు ఏడాది మొదట్లో. ఆ నెలల్లో ఇండియాలో లేకపోతే లిస్బన్‌లోని భారత రాయబార కార్యాలయంలో ఇప్పించుకోవచ్చు. ఇండియా సిమ్ కార్డును చావనివ్వకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగ్‌లో మెసేజీలు వస్తున్నాయో లేదో విమానం ఎక్కకముందే కస్టమర్ కేర్‌ని అడిగి ఆన్ చేయించుకోండి. తెనాలి ఇంటి అద్దె, పన్నులు, మరమ్మతులకు మా తమ్ముడికి పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేసి ఇచ్చాను. అమ్మే అధికారం అందులో పెట్టలేదు. తమ్ముడే వద్దన్నాడు: "అక్కా, రేపు నీకూ నాకూ ఇబ్బంది రాకూడదు" అని.

పన్ను సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏదైనా పన్నెండు నెలల్లో 183 రోజులు దాటి ఇక్కడ ఉంటే మీరు ఇక్కడి పన్ను నివాసి. ఇండియాలో వచ్చే ఆదాయం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపాలి. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 లోపు. ఇండియాలోని బ్యాంకు ఖాతాల వివరాలు కూడా రాయాలి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది, కానీ ప్రభుత్వ సర్వీసు పెన్షన్‌కి ఒక నియమం, మిగతా పెన్షన్లకు ఇంకో నియమం. టీచరుగా నా పెన్షన్, కరెంటు సంస్థ నుంచి మా ఆయన పెన్షన్ ఒకే గాటన కట్టొద్దని ఇక్కడి అకౌంటెంట్ మొదటి రోజే చెప్పారు. విదేశీ పెన్షన్‌కి పది శాతమే పన్ను అని వీడియోల్లో ఇంకా చెబుతుంటారు. ఆ పథకం 2024 నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు మూసేశారు. రాకముందే ఒక గంటకి డబ్బిచ్చి అయినా రెండు వైపులా తెలిసిన సీఏతో మాట్లాడండి.

ఒంటి సంగతి, ఇంటి సంగతి

పళ్లు, కళ్లు ఇండియాలోనే బాగుచేయించుకుని రండి. ఇక్కడి ప్రభుత్వ వైద్యంలో పళ్ల డాక్టరు దాదాపు లేనట్టే. మిగతా విషయాల్లో మాత్రం నాకు గౌరవం కలిగింది. రెసిడెన్స్ కార్డు వచ్చాక మీ పేటలోని హెల్త్ సెంటర్లో నమోదై ఊతెంత్ నంబరు, అంటే ప్రభుత్వ వైద్యానికి వాడే నంబరు, తీసుకోండి. 2022 నుంచి అక్కడ ఫీజులు దాదాపు ఎత్తేశారు. సొంత ఫ్యామిలీ డాక్టరు వెంటనే దొరక్కపోవచ్చు, డాక్టర్ల కొరత ఉంది. ఒంట్లో బాగోకపోతే నేరుగా ఆసుపత్రికి పరుగెత్తకుండా 808 24 24 24కి ఫోన్ చేస్తే నర్సు విని ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. ప్రాణం మీదకొస్తే 112. మందుల చీటీ మీద బ్రాండ్ పేరు కాదు, లోపలున్న మందు పేరు రాయించుకుని రండి. మనం నోటికి అలవాటైన జ్వరం బిళ్ల పేరు చెబితే ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు, పారాసెటమాల్ అంటే వెంటనే ఇస్తారు. ఇండియా ఆరోగ్య బీమా ప్రీమియం మానేయకండి, ఊరికి వెళ్లినప్పుడు అదే అక్కరకొస్తుంది.

ఇల్లు చూసేటప్పుడు మేం చేసిన పొరపాటు చెబుతాను. మా మొదటి ఇల్లు ఉత్తరం వైపు ముఖం. సెప్టెంబరులో చల్లగా హాయిగా అనిపించింది. డిసెంబరులో ఒక రోజు చీర తీస్తే ముక్కిపోయిన వాసన. అలమార పక్కకు జరిపి చూస్తే గోడంతా నల్లటి బూజు, అరచేతులంత మచ్చలు. వేలుపెడితే తడి. నా ఉప్పాడ చీర మడత మీద చుక్కలు చుక్కలుగా పట్టేసింది. యజమానురాలు వచ్చి గోడ కాదు, "అర్మారియు, అర్మారియు" అని చేతులు తిప్పుతూ చెప్పింది. నాకు అప్పటికి పోర్చుగీసు నాలుగు మాటలే వచ్చు, కానీ ఆ మాట అర్థమైపోయింది. అలమార! దాన్ని గోడకు ఆనించి పెట్టడం మా తప్పని ఆవిడ అంటోంది. కొంత నిజమే, కానీ ఆ గోడకి ఎండ తగిలితే ఆ పని జరగదు. ఆరు నెలలకి దక్షిణం ముఖం ఇంటికి మారాం. ఇల్లు చూడ్డానికి మధ్యాహ్నం ఎండవేళ వెళ్లండి, పడకగదిలోకి ఎండ పడుతుందా చూడండి, బీరువాల వెనక చెయ్యి పెట్టి తడి చూడండి. గాలిలో తేమ లాగే మిషను ఒకటి కొనుక్కోండి. చలికాలంలో మాది రాత్రికి లీటరు పైన నీళ్లు పడుతుంది.

ఆ అలమార మాటే నాకు భాషలోకి దారి చూపింది. పోర్చుగీసువాళ్లు మన దేశానికి వచ్చినప్పుడు వదిలిన మాటలు మన ఇళ్లలో ఎన్నో ఉన్నాయి: బొత్తాం, బాల్చీ, తువ్వాలు, అనాస, మేస్త్రీ. ఇక్కడ వాటి అసలు రూపాలు వింటుంటే చుట్టాల్ని కలిసినట్టుంటుంది. ఏళ్ల తరబడి పిల్లలకి వాస్కో డ గామా పాఠం చెప్పాను, మిరపకాయ వాళ్లతోనే మనకు వచ్చిందని కూడా చెప్పాను. వాళ్ల దేశంలోనే గుంటూరు కారం డబ్బా మూత తీస్తానని ఎప్పుడూ అనుకోలేదు. వలస వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా పోర్చుగీసు తరగతులు నడుపుతుంది, ఏ2 దాకా 150 గంటలు. వచ్చిన నెలలోనే పేరు రాయించుకోండి. కార్డు కోసం కాదు, పక్కింటివాళ్ల కోసం.

పక్కింటివాళ్లు ఎందుకంటే: ఒకసారి నివాస ధ్రువీకరణ పత్రం కావాల్సి వచ్చింది. దాన్ని మన పంచాయతీ ఆఫీసు లాంటి జుంతా ద ఫ్రెగెజీయలో ఇస్తారు. ఆ పేటలో ఓటున్న ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. ఎవరిని అడగాలి? రోజూ పొద్దున "బొం దీయ" అని పలకరించే కింది అంతస్తు పెద్దావిడ, మేం కాఫీ తాగే కొట్టు యజమాని వచ్చి సంతకాలు పెట్టారు. కొట్టు యజమాని పది నిమిషాలు షట్టర్ దించి వచ్చాడు. మర్నాడు పులిహోర చేసి ఇద్దరికీ ఇచ్చాను. పెద్దావిడ గిన్నెలో నిమ్మకాయలు వేసి తిరిగి పంపింది.

తిండికి బెంగ లేదు. వీళ్లు అన్నం బాగా తింటారు, కొత్తిమీర కట్టలు కట్టలుగా దొరుకుతుంది. మా ఊరి లివ్రమెంతు మార్కెట్లో, సోమవారం తప్ప, చేపలు మెరుస్తుంటాయి. మా ఆయనకి అక్కడే సగం పొద్దు. శాకాహారులు మాత్రం సూప్‌లో కూడా మాంసం ముక్క ఉంటుందని గుర్తుపెట్టుకుని అడిగి తినాలి. చింతపండు, కందిపప్పు, ములక్కాడల కోసం నెలకోసారి లిస్బన్‌లో మార్తీం మొనీజ్ దగ్గర కొట్లకు వెళ్తాం. 65 దాటినవారికి లిస్బన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగే నెల పాసు 20 యూరోలే, దూరపు రైళ్లలో సగం టికెట్. అదే ప్రయాణంలో లుమియార్‌లోని రాధాకృష్ణుల గుడికి కూడా వెళ్లొస్తాం.

చివరగా వీలునామా. ఈ మాట ఎత్తితే "శుభమా అని వెళ్తుంటే" అంటారు, కానీ రాయకుండా రావొద్దు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం 2015 ఆగస్టు నుంచి, మనిషి ఏ దేశంలో స్థిరంగా ఉంటూ పోతే ఆ దేశపు వారసత్వ చట్టమే వర్తిస్తుంది. పోర్చుగల్ చట్టంలో భార్యకీ పిల్లలకీ విడదీయరాని వాటాలుంటాయి, మనం అనుకున్నట్టు పంచడం కుదరకపోవచ్చు. మా దేశపు చట్టమే మాకు వర్తించాలి అని వీలునామాలో స్పష్టంగా రాస్తే అది చెల్లుతుంది. లాయరుతో ఆ ఒక్క వాక్యం రాయించుకోండి. దహనానికి లిస్బన్‌లో ఏర్పాటుంది. అది కూడా అమ్మాయితో ఒక ఆదివారం కూర్చుని మాట్లాడాం. తను మొదట ఏడ్చింది, తర్వాత నోట్‌బుక్కు తెచ్చి రాసుకుంది. వీలునామా, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ కాపీలు, పాస్‌పోర్టు జిరాక్సులు, నీఫ్ కాగితాలు, తమ్ముడి పవర్ ఆఫ్ అటార్నీ నకలు అన్నీ ఒకే పసుపు ఫైల్లో పెట్టాను. ఎక్కడుందో తనకి చూపించాను: పడకగది అలమారలో రెండో అర. ఆ అలమార ఇప్పుడు గోడకి జానెడు దూరంలో ఉంది.